ఇసుక మీద నేను మోపిన నేరం

గద్వాల నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా బస్సులో నడుం విరగ్గొట్టుకోవాలి. అంత దూరాన ఉన్నదాన్ని మా ముందుగదిలోకి తెచ్చి పెట్టిన ఘనత మా ఆయనది. నాలుగు కంప్యూటర్లకూ గోడకూ మధ్య, నాలుగడుగుల అద్దాల పెట్టెలో, పొట్లాల్లో వచ్చే ఉప్పు కలిపిన నీళ్లు. అందులో నాలుగు రాళ్లు, నారింజ రంగు మీద తెల్ల చారలున్న రెండు చేపలు, పువ్వులా విచ్చుకునే అనిమోన్ అనే జీవి ఒకటి. ఊళ్లో తాగడానికి నల్లాలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలంలో మా ఇంట్లో సముద్రం ఉండేది.

అవి ఇంటర్నెట్ సెంటర్లు బాగా నడిచిన రోజులు, రెండు వేల ఐదారు ప్రాంతం. మా ముందుగదే ఆయన సెంటరు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు. మిగతా రోజులన్నీ ఈగలు తోలుకోవడమే. ఆ తీరికలో ఆయన ఎక్కడెక్కడి దేశాలవాళ్లో సముద్రపు చేపలు పెంచుకుంటూ రాసుకునే ముచ్చట్లు చదివేవారు, నచ్చినవి ప్రింటు తీసి దారంతో కుట్టుకునేవారు. గిరాకీ కోసమే చేపలు పెడుతున్నానని నాకు చెప్పారు. చేపలను చూడటానికి వచ్చినవాళ్లు చేపలనే చూసి పోయారు.

పెట్టె చేసింది మిఠాయి దుకాణాలకు అద్దాల బీరువాలు చేసే భాయ్. అంటించడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "సార్, నీళ్లు ఆగుతయ్. దానికి నా జిమ్మా. చేపలు ఆగుతయో లేదో నాకు తెల్వదు" అన్నాడు. ఆ వ్యవహారం మొత్తంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమె పుట్టిల్లు గోపాల్‌పేట దిక్కు. చిన్నప్పుడు నెత్తిన బిందె, చంకన బిందెతో పొలాల గట్ల వెంట నడిచి నీళ్లు తెచ్చిన మనిషి. అందుకే మా పెరట్లో బోరంటే ఆమెకు ప్రాణం. మామయ్య బతికి ఉన్నప్పుడు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నడిచే ఆయన్ని పిలిపించి చోటు చూపించుకుని వేయించిన బోరు అది. చుట్టుపక్కల ఇళ్లలో అన్ని బోర్లూ నోట్లో పెట్టలేని ఉప్పన. మాది ఒక్కటే తియ్యగా ఉండేది. వాడకట్టు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వస్తే అత్తమ్మ గడప మీద కూర్చుని మహారాణిలా చూసేది. గోడ అవతల విత్తనాల పత్తి వేసిన చేలు. పత్తి చేనంటే బస్తాలకు బస్తాలు యూరియా. బస్తాలు అవతల, బోరు ఇవతల. రెంటికీ మధ్య ఒక గోడ ఉంది కదా అనుకున్నామేమో, ఎవరమూ ఎప్పుడూ ఆ సంగతి తలచుకోలేదు.

సముద్రం ఇంటికొచ్చిన మొదటి రోజే అత్తమ్మ చేపల ముఖాలు చూసి జాలిపడింది.

"ఉప్పునీళ్లల్ల ఎట్ల బతుకుతయి కొడుకా. దూప కాదా వాటికి?"

మర్నాటి నుంచి పొద్దున్నే కుండలోంచి ఒక చెంబెడు తియ్యటి నీళ్లు తెచ్చి పెట్టెలో పోయడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన ప్రాణికి ముందు మంచినీళ్లివ్వాలి, తర్వాతే మాట. నేను నవ్వాపుకుని ఆయన ముఖం చూశాను. ఆయన నవ్వలేదు. "మంచిదే. ఎండకు నీళ్లు ఆవిరైపోతయి, ఉప్పు మిగుల్తది. ఎంత ఆవిరైతే అన్ని మంచినీళ్లు పోయాల్నని రాసిండ్రు" అన్నారు. ఆ తల్లీకొడుకులు ఒక్క మాట మీద నిలబడింది నాకు తెలిసి ఆ చెంబు దగ్గరే.

నెల తిరిగేసరికి అనిమోన్ ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఆయన హైదరాబాదు పోయి నీళ్లను పరీక్షించే చిన్న డబ్బా ఒకటి కొనుక్కొచ్చారు. అందులో రెండు మందు సీసాలు, నాలుగు గాజు గొట్టాలు, రంగుల పట్టీ ఒకటి. గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేసి ఊపితే, నైట్రేటు లేకపోతే పసుపు రంగు, కొంచెముంటే నారింజ, ఎక్కువుంటే ఎరుపు. మా పెట్టె ఎరుపు చూపించింది. ఆయన ఒక నోటుబుక్కు తెరిచి ఆ ఆదివారం ఎదురుగా 'ఎరుపు' అని రాశారు. సగం నీళ్లు తీసేసి, బోరు నీళ్లలో ఉప్పు కలిపి కొత్తవి పోశారు. మళ్లీ ఆదివారం: ఎరుపు. మళ్లీ మార్చారు: ఎరుపు. తల ప్రాణం తోకకొచ్చింది మనిషికి. తప్పంతా చేపల మీద పెట్టి వాటి తిండి సగానికి తగ్గించారు. పాపం, అవి ఏ పాపం చేశాయని.

నేను వడ్డేపల్లి దారిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. తొమ్మిదో తరగతికి నత్రజని వలయం చెప్పేది నేనే. నల్లబల్ల మీద బాణాలు గీసేదాన్ని: పెంట నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి నైట్రేటు, అక్కణ్నుంచి మళ్లీ గాలిలోకి. రంగు సుద్దముక్కలతో గీసేదాన్ని. బాగా చెబుతానని పేరు కూడా ఉండేది.

కార్తీకంలో ఒకరోజు ఆయన ప్రింటు తీసిన కాగితాలతో వంటింట్లోకి వచ్చారు.

"ఇసుక. అడుగున బెత్తెడు కంటే ఎక్కువ లోతు, సన్నటి ఇసుక పోయాలె. పైపొరల గాలి ఉంటది, అడుగుల ఉండదు. ఆ గాలి అందని కాడ కొన్ని క్రిములు బతుకుతయి. అవి నైట్రేటును పట్టుకుని విరగ్గొట్టి ఉత్త గాలి చేసి ఇడుస్తయి. బుడగలు బుడగలుగ పైకొస్తదంట."

"అయితే ఇంక మీరేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు. ఇసుకను కదిలియ్యొద్దు. నాలుగైదు నెలలు ఆగాలె."

ఏం చెయ్యకుండా నాలుగైదు నెలలు ఆగడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

కృష్ణ ఒడ్డు నుంచి నాలుగు గోతాల ఇసుక వచ్చింది. వాకిట్లో కుప్ప పడగానే వాడకట్టంతా వచ్చి "ఇల్లు కడ్తున్నరా?" అని అడిగింది. చేపల కిందికి అని చెప్పడానికి సిగ్గేసి, స్నానాలగది అని చెప్పాను. అత్తమ్మ పిండి జల్లెడను ఆయన ఎత్తుకుపోయి ఇసుక జల్లించారు. ఆ జల్లెడ మళ్లీ వంటింటి ముఖం చూడలేదు. తర్వాత మూడు రోజులు డ్రమ్ముల కొద్దీ నీళ్లతో ఇసుకను కడిగారు. పెళ్లయ్యాక ఒక్క గిన్నె కడిగి ఎరుగని మనిషి ఇసుక కడగడం చూసి నేను ముక్కున వేలేసుకున్నాను.

అప్పటికి నాకు నాలుగో నెల. ఇసుకకు మొదటి నెల. ఇంట్లో ఇద్దరం వట్టి మనుషులం కాదని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన మాత్రం మా ఇద్దరినీ సమానంగానే చూసుకున్నారు. నాకు దానిమ్మ పండ్లు తెచ్చేవారు, ఇసుకకు బ్యాటరీ లైటు వేసి చూసేవారు.

ఏడో నెలలో నన్ను కోడేరు తీసుకుపోయారు, మా అమ్మగారింటికి. ఫోను చేసినప్పుడల్లా ముందు నా ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు, ఆ తర్వాత గొంతు మారేది. అద్దం పక్కన ఇసుకలో బుడగలు కనబడ్డాయట. అనిమోన్ విచ్చుకుందట. ఎండాకాలం మొదట్లో పాప పుట్టింది. పెట్టె ముందు కూర్చుని నెలలు లెక్కపెట్టిన మనిషి పాపను చూడటానికి వచ్చి, ఒళ్లోకి తీసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు ఇసుక ఊసే ఎత్తలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపాలన్నీ ఆ పూటకు పోయాయి. మర్నాడు బస్సెక్కే ముందు మాత్రం చెప్పారు. "పసుపొచ్చింది. రెండు ఆదివారాలసంది పసుపే."

పాపకు మూడో నెల పడగానే బడివాళ్లు కబురు పెట్టారు. ప్రైవేటు ఉద్యోగం, ఇంక ఆగితే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. గద్వాల వచ్చేశాను. పొద్దున ఏడున్నరకు బస్సు, సాయంత్రం ఐదున్నరకు ఇల్లు. పొద్దునా సాయంత్రం నా పాలు, పగలంతా డబ్బాపాలు. పిల్లల డాక్టరు నీళ్లు ఇరవై నిమిషాలు మరిగించి పాలపొడి కలపమన్నారు. నేను సైన్సు టీచర్ని కదా, ఇరవై సరిపోతాయా అని ముప్పై మరిగించేదాన్ని. నాలుగింటికే లేచి, గిన్నెలో నీళ్లు సగానికి వచ్చేదాకా మరిగించి, ఫ్లాస్కులో పోసి, అత్తమ్మకు అప్పజెప్పి బస్సెక్కేదాన్ని. బోరు నీళ్లే. ఊరంతా బిందెలు పట్టుకుని వచ్చే నీళ్లుండగా వేరే నీళ్లెందుకు?

రెండు వారాలకు పాప రంగు తగ్గడం కనిపించింది.

"తాత రంగొస్తుంది. మీ మామ గిట్లనే ఉండె" అంది అత్తమ్మ, మురిపెంగా.

నాకు చురుక్కుమంది. నా బిడ్డ కోడేరులో తెల్లగా దొండపండు పెదాలతో ఉండేది. కానీ కోడలు నలుపు గురించి నోరెత్తితే మామయ్యను అన్నట్టవుతుంది కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్న రోజులు ఎన్నో ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను.

తర్వాత పెదాలు, గోళ్లు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పాలు తాగుతూ ఆయాసపడేది. ఏడుపులో కూడా సత్తువ లేదు. అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, అనుమానంగా ఉందని కర్నూలు పంపారు. అక్కడ గుండెకు స్కానింగు తీసి, గుండె బాగుందన్నారు. గద్వాలలో రక్తం తీసిన ఆయన సూది వెలుతురుకు పెట్టి చూసి, "రక్తం జర నల్లగున్నట్టుంది, డికాషన్ లెక్క" అన్నాడు. అని, రక్తం కొంచెం తక్కువుందని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని మేం టానిక్కు కొన్నాం.

పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఆడుతోందా లేదా అని చూసుకోకుండా నేను బస్సెక్కింది లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద మొదట చేపల గాలి పంపు, తర్వాత కంప్యూటర్లు, ఆ తర్వాతే పాప దగ్గర ఫ్యాను. ఒకరోజు ఆ తీగలన్నీ పీకి పారేసి ఫ్యాను ఒక్కటే పెట్టాను.

ఒక సంగతి మాత్రం ఇద్దరం గమనించాం, అత్తమ్మా నేనూ. ఆదివారం గడిచి సోమవారం వచ్చేసరికి పాప కాస్త తేటగా ఉండేది. "తల్లి ఇంట్ల ఉంటే పిల్ల మంచిగుంటది" అంది అత్తమ్మ. అది నన్ను దెప్పడమనే అనుకున్నాను. నాకు తోచిన కారణం వేరు. ఆదివారం సెంటరుకు సెలవు, ముందుగది కిటికీలూ తలుపులూ బార్లా తీసి ఉంటాయి. అంటే మిగతా రోజుల్లో ఆ మూసిన గదిలో ఏదో ఉంది.

అదేమిటో శ్రావణ శుక్రవారం తెలిసిందనుకున్నాను. ఇల్లు కడుగుతూ అత్తమ్మ పెట్టె అడుగున అద్దానికి ఆనుకుని నల్లటి చార చూసింది. శుక్రవారం పూట ఇంట్లో మురికి ఉండకూడదని చీపురు పుల్లల కట్ట తీసుకుని ఇసుకలో గుచ్చి కెలికింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా మురిగిన కోడిగుడ్ల కంపు. ఆ కంపులో ఉయ్యాల, ఉయ్యాలలో నా పిల్ల, నేరేడు పండు పెదాలతో.

నాకు అన్నీ ఒక్కచోట కలిశాయి. అడుగున గాలి ఉండదు. అక్కడ క్రిములు పెరుగుతాయి. వాయువు పైకి వస్తుంది. ఆయన నోటితోనే చెప్పారు కదా. ఆ వాయువు పీల్చే పిల్ల ఇలా అయింది.

"నా బిడ్డను చంపుతుండ్రు మీరు. మీ ఇసుక చంపుతుంది" అన్నాను. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత ఆయన అన్నారు.

ఆయన నోటుబుక్కు పట్టుకుని ఏదో చూపించబోయారు. లాక్కుని, బ్యాగులోంచి నేను పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసి, ఆ పేజీ మీద అడ్డంగా రాశాను: 'ఇసుక తీసేయాలి. ఇదే ఆఖరు మాట.' కింద సంతకం కూడా పెట్టాను, హోంవర్కు చేయనివాళ్ల పుస్తకంలో పెట్టినట్టు.

"రేపు పొద్దుగాల తీసేస్త. ఒక్కసారి పరీక్ష చేసి చూపిచ్చి తీసేస్త" అన్నారు.

"చేస్కోండ్రి. మీ చేపల ముచ్చట మీరు చూస్కోండ్రి."

మర్నాడు రెండో శనివారం, నాకు సెలవు. సెలవైనా అలవాటు ప్రకారం పొద్దున్నే నీళ్లు మరిగించి ఫ్లాస్కు నింపాను. ఎండ వచ్చాక ఆయన డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టారు. పెట్టెలో ఇసుక పైనుంచి నీళ్లు తీసి, గొట్టంలో పోసి, మందు వేసి ఊపారు. కాసేపటికి పసుపు. నిమ్మకాయ పసుపు.

"ఇసుకల విషముంటే ముందు చేపలు పోవాలె గద. సూడు, ఎట్ల ఈదుతున్నయో" అన్నారు.

ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. టీచరు బుర్ర ఇంకా ఏదో మెలిక వెతుకుతోంది. "పోలిక లేకుంటే అదేం పరీక్ష? పక్కన మంచినీళ్లు పెట్టి చూపియ్యిండ్రి. మంచినీళ్లు ఏ రంగొస్తయో సూద్దాం" అన్నాను. పిల్లలకు ప్రయోగాలు చేయించేటప్పుడు నేను రోజూ చెప్పే మాటే అది.

నా చేతిలో ఫ్లాస్కు ఉంది. మా ఇంట్లో దానికంటే శుభ్రమైన నీళ్లు లేవు. మూతలోకి వంచి ఇచ్చాను. చల్లారాక ఆయన రెండో గొట్టంలో పోసి, చుక్కలు వేసి, ఊపి, అరుగు మీద నిలబెట్టారు.

ఎరుపు. పట్టీ మీద ఉన్న చివరి ఎరుపు కంటే చిక్కటి ఎరుపు.

గొట్టం సరిగ్గా కడగలేదేమో అన్నారాయన. కడిగి మళ్లీ చేశారు. ఎరుపే. కుండలో నీళ్లు తెచ్చి చేశారు. అదీ ఎరుపే, కానీ కొంచెం పలచన. మూడు గొట్టాలూ వరసగా పెట్టి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. చేపల నీళ్లు పసుపు. మేం తాగే నీళ్లు ఎరుపు. నా బిడ్డకు నేను ముప్పై నిమిషాలు మరిగించిన నీళ్లు అన్నిటికంటే ఎరుపు.

ఆయనకు అర్థం కాలేదు, నాకే అయింది. నీళ్లు ఆవిరైపోతాయి, అందులో కరిగింది మిగిలిపోతుంది. పెట్టెలో ఉప్పు గురించి ఆయన మొదటి రోజే చెప్పారు. నేను ఆరో తరగతికి ఏటా చెబుతాను. మరిగించిన కొద్దీ క్రిములు చచ్చాయి, నైట్రేటు చిక్కబడింది. సగానికి వచ్చేదాకా మరిగించింది ఎవరు? నేనే.

ఆయన లోపలికి పోయి కుట్టిన కాగితాలు తెచ్చారు. నైట్రేటు గురించిన పేజీలో చేపల సంగతులన్నిటికీ కింద గీతలు గీసి ఉన్నాయి. ఆ కిందే గీత లేని చిన్న పేరా ఒకటి ఉంది, పసిపిల్లల గురించి. నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే పిల్లల రక్తం గాలిని మోయలేదని, ఒళ్లు నీలంగా మారుతుందని. ఆదివారాలు పాప తేటపడింది కిటికీల వల్ల కాదు, ఆ రోజంతా నా పాలే తాగడం వల్లనని అప్పుడు తట్టింది. చేపలకు సంబంధం లేదని ఆయన దాన్ని చదవకుండా వదిలేశారు. చదివినా పెద్ద తేడా ఉండేది కాదేమో. మా బోరు నీళ్లను అనుమానించడం మా ఇంటావంటా లేదు. ఏడాదిగా సగం సగం నీళ్లు మారుస్తూ, కొత్తగా పోసే నీళ్లలో ఏముందో ఒక్కసారి చూడని మనిషి ఆయన. తియ్యగా ఉన్నాయి కదా. నైట్రేటుకు రుచి ఉండదని ఎర్ర పెన్నుతో మార్కులు వేసే నాకు కూడా గుర్తు రాలేదు.

ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. డాక్టరు ఆ కాగితం చదివి, వెంటనే కర్నూలు దవాఖానకు చీటీ రాసిచ్చారు. అక్కడ పాప రక్తం ఒక చుక్క తెల్లకాగితం మీద వేసి చూశారు. డికాషన్ రంగే. నీలంగా మారిన పిల్లకు నీలం రంగు మందే ఎక్కించారు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడి పాప గోళ్లనే చూశాను. ఒక వేలి గోరు, తర్వాత ఇంకో వేలిది, మెల్లమెల్లగా గులాబీ రంగుకు వచ్చాయి. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ ప్రయోగమూ చూడలేదు. ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు. "నువ్వు పోలిక పెట్టమన్నవు గాబట్టి" అని ఏదో అనబోయి, ఆపేశారు. నన్ను మెచ్చుకోబోతున్నారని తెలిసి ఇంకా ఏడ్చాను. ఆ ఫ్లాస్కు నింపిన చెయ్యి నాది కదా.

మేం తిరిగి వచ్చాక అత్తమ్మకు సంగతంతా చెప్పక తప్పలేదు. ఎలా తీసుకుంటుందోనని నేను భయపడ్డాను. ఆమె చాలాసేపు బోరు గొట్టం దగ్గర కూర్చుంది. తర్వాత కొంగు నెత్తి మీదకు లాక్కుని, పసిపిల్లలున్న ఇళ్లన్నిటికీ తనే పోయింది. "పెద్దోళ్లు మీ ఇష్టం. పిల్లలకు మాత్రం మా నీళ్లు పొయ్యొద్దు. నల్లా నీళ్లే కాచి పొయ్యిండ్రి" అని ప్రతి గడప దగ్గరా నిలబడి చెప్పింది. ముప్పై ఏళ్లు ఆ బోరును చూసుకుని గర్వపడిన మనిషి. నాకు ఆ ధైర్యం ఉండేదో లేదో తెలియదు.

మర్నాడు పొద్దున చెంబుతో కుండ దగ్గరికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"కొడుకా, మరి చేపలకు? వాటికీ పొయ్యొద్దా?"

"పొయ్యమ్మా. వాటికేం కాదు. ఇసుక సూస్కుంటది."

ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. వంటింట్లో ఉన్న నాకు తగలాల్సిన చోటే తగిలింది. రోజూ అత్తమ్మ చెంబుతో పోసిన విషాన్నే, ఏ క్రిములను నేను అసహ్యించుకున్నానో అవే, ఆ నల్లటి కంపు కొట్టే చోట కూర్చుని, రోజూ విరగ్గొట్టి గాలి చేసి వదిలేశాయి. చేపలకు ఆ సదుపాయం చేసిన ఇల్లు మాది.

ఇసుక ఆ తర్వాత ఇంకా రెండేళ్లు మా ముందుగదిలోనే ఉంది. ఒకాయన పెట్టెతో సహా కొనుక్కుని పోయాడు. నోటుబుక్కు మాత్రం నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు ఆ పేజీ తెరుస్తాను. ఎరుపు, ఎరుపు, నారింజ, పసుపు, పసుపు. వాటి మీద అడ్డంగా నా ఎర్ర సిరా, నా సంతకం. దాని కింద నాకేదైనా జవాబు రాసే హక్కు ఆయనకుంది, రాయలేదు. కర్నూలు నుంచి వచ్చిన మర్నాడు, అత్తమ్మ చెంబు సంగతి అయ్యాక, ఆయన నల్లా నీళ్లు పట్టి, కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి పరీక్ష చేశారు. చేపల వరసకు పైన కొత్త వరస ఒకటి గీశారు. పాపకు ఏడాది నిండేదాకా ప్రతి ఆదివారం ఆ వరస ముందు నింపి, తర్వాతే చేపలది నింపారు. నా సంతకం పక్కన మిగిలిన కాస్త చోటులో, చిన్న అక్షరాలతో, ఆ మొదటి రోజుది ఉంది: 'పాప నీళ్లు - పసుపు.'